మెనూలో లేని వార్డు

ఆస్పత్రి వెబ్‌సైట్ పని చూసే అమ్మాయి తొమ్మిదింటికి వచ్చి, టీ తాగి, డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరుస్తుంది. పేజీకో పెట్టె. పెట్టెకీ పెట్టెకీ మధ్య గీత. గీత ఉంటే దారి ఉన్నట్టు. ఆమె సేవ్ చేసిన గంటలో ఆస్పత్రి వరండాలూ అలాగే మారతాయి. రాలిన సున్నం ఆయా ఊడుస్తుంది.

ఆ బుధవారం మేనేజరు వెనక నిలబడి తెర చూశాడు.

"మెనూలో తొమ్మిది పేర్లెందుకమ్మా? ఎనిమిది చాలు. దీర్ఘరోగుల వార్డు తీసెయ్. ఎవరు చూస్తారది?"

"మా అమ్మ అందులోనే ఉంది సార్."

"పేజీ ఉంచుకో తల్లీ! మెనూలోంచి తియ్యమంటున్నా, అంతే."

ఆమె గీత తెంచింది. జనరల్ వార్డు నుంచి ఇంకో గీత కలుపుదామనుకుంది. ముందు తెంచి, తర్వాత కలపడం ఆమె అలవాటు. ఈలోగా మేనేజరు చెయ్యి చాపి ఆమోదం బటన్ నొక్కేశాడు. ఆమోదం పడ్డ ఏ పేజీనీ నెల్లాళ్ళదాకా ముట్టుకోలేరు.

మధ్యాహ్నం అన్నం క్యారియర్‌తో వెళ్తే, వార్డు తలుపున్న చోట గోడ ఉంది.

"పొద్దున మెనూ మారిందిగా," అంది నర్సు, మందుల ట్రే పట్టుకుని. "లోపల పదకొండుమంది. వీటినెక్కడ పొయ్యమంటావ్?"

గోడ అవతల అమ్మ దగ్గు వినిపించింది.

ఆమె పరుగున వచ్చి పేజీలన్నీ వెతికింది. మార్చురీ పేజీకి ఎవరూ ఫొటో ఇవ్వలేదు. అందుకే దానికొక్కదానికే ఆమోదం పడలేదు. దాన్నుంచి వార్డుకు గీత గీసి సేవ్ చేసింది.

మార్చురీ వెనకగోడకు గుమ్మం వచ్చింది. అమ్మ ముందు, మిగతావాళ్ళు వెనక, చెప్పులీడ్చుకుంటూ వచ్చారు. బల్ల దగ్గర గుమాస్తా రిజిస్టరు తెరిచాడు.

"పేరు, వయసు?"

"బతికే ఉన్నారు బాబాయ్, కనపడ్డంలేదా?"

"కనపడుతున్నారమ్మా. ఇటునుంచి బయటికెళ్ళేవాళ్ళకి ఇదొక్కటే పుస్తకం. ఇంకోటి ఇవ్వలేదు నాకు."

"రాయించవే," అంది అమ్మ. "లోపల ఆకలికి చచ్చేకంటే నయం."

గుమాస్తా టైముతో సహా రాసుకున్నాడు.

మర్నాడు మందుల కిటికీలో మనిషి అమ్మ చీటీ తీసుకుని, కంప్యూటర్‌లో ఆమె పేరు పక్కన గుమాస్తా రాసిన టైము చూసి, తిరిగిచ్చేశాడు. అమ్మ చీటీని నాలుగు మడతలు పెట్టి పక్కకు జరిగింది. వెనక ఇంకా పదిమంది ఉన్నారు.