అదే నా మాట

చరిత్ర టీచరమ్మ చర్చకు పెట్టిన నియమం వినగానే నాకు ఒళ్ళు మండింది. ఎదుటివాళ్ళ వాదనను ముందు మనమే చెప్పాలట, అదీ వాళ్ళకంటే బాగా. వాళ్ళు లేచి "అవును, అదే నా మాట" అన్నాకే మన జవాబు మొదలట. శత్రువు కత్తి మనమే నూరిపెట్టి, ఆపైన పోట్లాడమన్నట్టుంది.

విషయం, మా పాత పేటను ముంచి ఆనకట్ట కట్టడం న్యాయమేనా అని. చీట్లు తీస్తే కాదనే పక్షం నాకు, అవుననే పక్షం అక్కకు వచ్చాయి. అక్క అంటే పెదనాన్న కూతురు, నాకంటే కొన్ని నెలలే పెద్ద. చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నాం. ఆనకట్టకు కొలతలు వేసింది పెదనాన్న, నీళ్ళలో పోయింది తాతయ్య తోట. నాన్న, పెదనాన్న మాటలు మానేశారు. వాళ్ళతోపాటు మేమూ మానేశాం. అక్క లేకపోతే నాకు ఏమీ తోచేది కాదు, కానీ పంతం నాది.

నేను బల్ల గుద్ది మాట్లాడాను. తోటలు, ఇళ్ళు, బడి అన్నీ ఏకరువు పెట్టి గర్వంగా కూర్చున్నాను.

అక్క నెమ్మదిగా లేచింది. "తను చెప్పింది ఇదీ. కొత్త ఇళ్ళిచ్చారు, నిజమే. కానీ ఒక ముసలాయన ఇప్పటికీ పొద్దున్నే చెప్పులేసుకుని తోటకని బయల్దేరతాడు. నీళ్ళు కనబడ్డాక గుర్తొస్తుంది. కాసేపు నిలబడి వెనక్కెళ్ళిపోతాడు. దానికి ఏమిచ్చి సరిపెడతారని తన ప్రశ్న."

నేను అంత మాట అనలేదు. తాతయ్య ఉండేది మా ఇంట్లోనే అయినా నాకసలు తెలియదు, ఆ వేళకు నేను మొద్దు నిద్రలో ఉంటాను. అక్కావాళ్ళిల్లు ఆనకట్ట గట్టు పక్కనే. రోజూ కిటికీలోంచి చూస్తోందన్నమాట. తాతయ్య మా ఒక్కరి సొత్తే అనుకున్నాను ఇన్నాళ్ళూ. టీచరమ్మ గుర్తు చేస్తే లేచి, "అవును, అదే నా మాట" అన్నాను. గొడవయ్యాక అక్కతో నేను పలికిన మొదటి మాట అది.

తర్వాత అక్క తన వాదన చెప్పింది. దిగువ పట్నాలకు తాగునీళ్ళు లేని రోజుల గురించి.

నా వంతు వచ్చింది. అక్క మాటలే అప్పజెప్పాను. "ఇంకా బాగా," అంది టీచరమ్మ.

"కొలతలు వేసినాయన," అన్నాను, "సొంత నాన్న తోటను చివరికి ఉంచుకుని ఉండొచ్చు. కానీ ముంపు హద్దుకు మొదటి రాయి అక్కడే పాతాడు. ఇంకొకరిని వదులుకోమనే ముందు తనది వదులుకున్నాడు. ఆ సాయంత్రం ఇంట్లోకి ఎలా అడుగుపెట్టాడో ఎవరూ అడగలేదు."

ఆ రాయి గురించి మా ఇంట్లో తిట్లే విన్నాను. అదే సంగతి నా గొంతులో ఇలా పలుకుతుందని కలలో కూడా అనుకోలేదు.

అక్క లేచింది. నా వైపు తిరిగింది.

"అవునే చెల్లీ," అంది. "అదే నా మాట."

నియమంలో "చెల్లీ" అనే మాట లేదు. జవాబు చెప్పడానికి నాకింకా సమయం ఉంది. నేను కూర్చుండిపోయాను.