నూరూజ్ దాకా

గడ్డకట్టిన బొగ్గుపెళ్ల మీద బురుల్చా చేతిలోని గునపం ఆరోసారి దిగింది. పెళ్ల పగిలి, ఒక ముక్క ఎగిరొచ్చి ఆమె కనుబొమను చీల్చింది. ముంజేత్తో నెత్తురు తుడుచుకుని, ముక్కల్ని పారతో ఎత్తి బడి బాయిలర్ నోట్లోకి విసిరింది. పదకొండేళ్లుగా నరీన్ కొండల్లోని ఆ బడికి వెచ్చదనం ఆమె రెక్కల్లోంచే వస్తోంది. రెప్పల్లో మసి, విరిగిన గోళ్లు, బరువైన అంగలు. పిల్లలు ఎదురుపడితే పక్కకు తప్పుకుంటారు. బడి బొగ్గులో చిన్న పలుకైనా ఆమె ఇంటికి పట్టుకెళ్లలేదు.

ఇంట్లో కాల్చేది పెంట. చలికాలమంతా గొర్రెలు తొక్కి గట్టిపరచిన దొడ్డిలోని పెంటను మే నెలలో ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, వాకిట్లో గోడలా పేర్చుకుంటుంది. రోజుకు ఎనిమిది చొప్పున, మార్చిలో నూరూజ్ పండగకు మంచు వదిలేదాకా సరిగ్గా సరిపోతాయి. ఒక్కటి తగ్గినా ఒంటరి ఇంట్లో చలి చంపేస్తుంది.

మధ్యాహ్నం ఆమె ఇంటికొచ్చేసరికి పక్కింటి తొక్తోబాయ్ ఆ గోడ దగ్గర వంగి గోనె నింపుకుంటున్నాడు.

"కింద పెట్టు."

"ఒక్క ప్రాణానికి ఇంత గోడెందుకక్కా? కోటేమన్నా కడుతున్నావా? మా ఇంట్లో అయిదుగురం."

"మే నెల్లో నా నడుం విరుగుతుంటే ఎక్కడ తాగి పడున్నావురా?"

"నీ మొగుడి దినానికే తాగా."

ఆమె చేతిలోని పార అడ్డంగా తిరిగింది. మంచు మీద అతని పళ్లు రెండు రాలాయి. అతను ఆమె తలగుడ్డ పట్టి ఈడ్చి, తలను పెంటగోడకేసి కొట్టాడు. ఇటుకలు విరిగి పడ్డాయి. ఆమె అతని మణికట్టును ఎముక తగిలేదాకా కొరికింది. అతని భార్య పరుగెత్తుకొచ్చి మొగుణ్ణి కాలరు పట్టి లాక్కుపోయింది. గోనెను మాత్రం అతను వదల్లేదు. అందులో నలభై ఇటుకలున్నాయి.

పొద్దు వాలాక బురుల్చా పొయ్యిలో ఎనిమిదికి బదులు ఆరే పేర్చింది. మంట దిగి నిప్పులయ్యాయి. వాటి మీద ఇంకా నీలి నాలుకలు ఆడుతున్నాయి. అవి చావకుండా పొగగొట్టం మూత వెయ్యొద్దని, వేస్తే విషపుగాలి ఇంట్లో నిండి మనిషి లేవడని ఏటా బడిలో పంతుళ్లకు చెప్పేది ఆమే. కానీ గొట్టంలోంచి పోయే వేడిని చూస్తుంటే తొక్తోబాయ్ ఇంకా వాకిట్లో చేతులనిండా మోసుకుపోతున్నట్టే అనిపించింది.

"నీకొక్కటి కూడా వదల్నురా," అని మూతను లోపలికి నెట్టేసింది.

గోడవైపు తిరిగి పడుకుంది. తల పగిలిపోతోంది. వాడు కొట్టిన దెబ్బే అనుకుంది.

పొద్దున బడి గొట్టాలు చల్లగా ఉన్నాయి. పంతులొకాయన వచ్చి, పిలిచి పిలిచి, తలుపు పగలగొట్టాడు.

శ్మశానంలో నేల మూరెడు లోతుదాకా గడ్డకట్టి రాయై ఉంది, గునపం దిగలేదు. అక్కడ చలికాలపు గోతిని ముందు నిప్పుతోనే తవ్వాలి, మంట పెట్టి నేలను కరిగించాలి. మగవాళ్లు ఆమె గోడనే విప్పి మంచుబండి మీద మోశారు.

"సగం చాలదా?" అన్నాడు ఒకడు.

"అంతా తెండి," అన్నాడు తొక్తోబాయ్, వాచిన పెదవితో.

నూరూజ్ దాకా రావలసినది రెండు పగళ్లలో కాలిపోయింది.

తలుపు లేని ఇంట్లో, కిటికీ గట్టు మీద ఆమె సగం తాగి వదిలిన టీ అడుగుదాకా గడ్డకట్టి, పింగాణీ గిన్నెను నిలువునా చీల్చింది.