బడి మొహం చూడనివాళ్లకు ఒక మార్కు

బల్ల మీద పిడికిలి పడేసరికి పెన్సిళ్లు ఎగిరి నేల మీద దొర్లాయి.

"ఇవాళ ఏ వారం అని నన్నడుగుతావా? నీ కంటికి పిచ్చోడిలా కనపడుతున్నానా?" పెద్దమేస్త్రీ కుర్చీ తన్నేసి లేచాడు. నలభై ఏళ్లుగా దుంగలు తోసిన భుజాలు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాయి.

"కూర్చోండి పెద్దాయనా. అరవై దాటిన అందరికీ ఇవే ప్రశ్నలు," అంది పరీక్ష పెట్టే అమ్మాయి. కార్మికుల ఆరోగ్య కార్యాలయంలో ఆమెకిది రెండో నెల. సామిల్లులో రంపం ముందు నిలబడేవాళ్ల జ్ఞాపకం, ధ్యాస ఎలా ఉన్నాయో తేల్చడం ఆమె పని. ముప్ఫైకి ఇరవై అయిదు రాకపోతే రంపం దగ్గరికి పోనివ్వకూడదు.

గడియారం గీయమంటే కాగితం చిరిగేలా పొడిచాడు. అయిదు మాటలు గుర్తుపెట్టుకోమంటే రెండే చెప్పి, మిగతావి నువ్వసలు చెప్పనే లేదని తిట్టాడు. మార్కుల లెక్క ఇరవై నాలుగు దగ్గర ఆగింది.

"బడికి ఎన్నేళ్లు వెళ్లారు?"

"బడి మొహమే చూడలేదు."

వేలిముద్ర వేశాడు. అలాంటివాళ్లకు ఒక మార్కు కలపాలన్నది నియమం. పెన్సిల్ పట్టని చేతికి గడియారం గీయడమెంత కష్టమో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ల నాన్నది ఇప్పటికీ వేలిముద్రే. ఇరవై అయిదు వేసి, కింద అర్హుడని రాసింది. మనసు తేలికపడింది.

పెద్దమేస్త్రీ ఆ కాగితం లాక్కున్నాడు.

"'ఈ కార్మికుడు రంపం వద్ద పనిచేయుటకు అర్హుడు.' ఆఁ, ఇప్పుడొచ్చావు దారికి!" గడగడా చదివేసి, కాగితం ఆమె ఒళ్లోకి విసిరి వెళ్లిపోయాడు.

ఆమె దిగ్గున లేచింది. బడి మొహం చూడలేదని తనే చెప్పిన సంగతి మరిచిపోయాడు. కాగితం పట్టుకుని, పరీక్ష గది పక్కనే ఉన్న రంపం షెడ్డులోకి పరుగెత్తింది.

"ఆపండి! ఇది చెల్లదు! ఆయనకు చదువొచ్చు!"

రంపానికి అవతల చెక్కలు లాగే పెద్దమేస్త్రీ తమ్ముడు అడ్డం వచ్చాడు. "నెమ్మదిగా అమ్మా, నీకు దణ్ణం పెడతా. పదో తరగతి దాకా చదివాడు. మార్కు కలుస్తుందని అలా చెప్పమన్నది నేనే. ఈ పని మానిపిస్తే అన్న బతకడు."

"మానిపించకపోతే మీరు బతకరు!"

ఆ మాట పెద్దమేస్త్రీ చెవిన పడింది. దుంగలు లాగే ఇనుప కొక్కెం ఎత్తి మీదికొచ్చాడు. "నా కూడు లాక్కుంటావే!" కొక్కెం ఆమె మీద పడేలోపు తమ్ముడు మధ్యలో దూరాడు. దాని మొన అతని భుజంలో దిగింది. ఆమె పొట్టులో వెల్లకిలా పడింది. కాగితం మాత్రం వదల్లేదు.

"నువ్వు దానికి వత్తాసా!" పెద్దమేస్త్రీ కాలెత్తి తమ్ముడి కడుపులో తన్నాడు.

"కొట్టన్నా, కొట్టు!" తమ్ముడు కుడిచేతి గ్లౌజు పళ్లతో పీకేశాడు. రెండు వేళ్లుండాల్సిన చోట రక్తంతో తడిసిన గుడ్డ కట్టు. "మొన్న మంగళవారం. ఆగు, ఆగు అని మొత్తుకుంటుంటే దుంగ తోసేశావు."

పెద్దమేస్త్రీ ఆ కట్టు వంక చూస్తూ ఉండిపోయాడు.

"ఎవడ్రా?" అన్నాడు. "ఎవడ్రా నా తమ్ముడి వేళ్లు తీసింది?"

ఎదురుగా ఉన్న దుంగలు మోసేవాడి మెడ పట్టి గోడకేసి కొట్టాడు. "వీడేనా? చెప్పరా, చీరేస్తా!" దుంగలవాడి ముక్కు పగిలింది. నలుగురు మీదపడి పెద్దమేస్త్రీని నేలకు అదిమారు. తమ్ముడు ఎడంచేత్తో రంపం స్విచ్ కిందికి లాగి, వచ్చి అన్న తల తన ఒళ్లోకి తీసుకున్నాడు.

"భయపడకురా," కింద నుంచి రొప్పుతున్నాడు అన్న. "వాడెవడో చెప్పు. చంపేస్తాను."

తమ్ముడు అన్న నోట్లో పడ్డ పొట్టు తుడిచాడు.

"ఆ మార్కు కొట్టెయ్యమ్మా," అన్నాడు తలెత్తకుండా.