కొండమట్టి మూత

ఒనీసియా బావి మే నెల చివర ఎండిపోయింది. ఒకరోజు చేద వేస్తే బురద వచ్చింది. మర్నాడు బురద కూడా రాలేదు. ఎగువన ఏటి ఇసుక తవ్వడం మొదలై అది మూడో ఏడు. ఆ వీధిలో అప్పటికే నాలుగు బావులు పోయాయి.

వెర్బినెత్స్ ఊరు ఏటికి రెండు పక్కలా ఉంటుంది. కొండవైపు కోటదిబ్బ, చర్చి, బజారు, బడి, కచేరీ, వాటితో పాటు కుళాయిలు. ఏటవతల లోతట్టు నేల, కూరగాయల దొడ్లు, చేదబావులు. కొండవాళ్లు ఏటవతలివాళ్లని కప్పలంటారు. వీళ్లు వాళ్లని మేకలంటారు. పెళ్లి సంబంధాలు మాత్రం కలుపుకుంటూనే ఉంటారు.

ఏటవతల పేరు పడ్డది ఒక్క దోసకాయకే. ఉప్పునీళ్లు పోసి, చెర్రీ ఆకులు వేసి, పీపాల్లో ఊరేసిన దోసకాయ. ఏప్రిల్‌లో తీసి కొరికినా కటుక్కుమంటుంది. కాయ ఎక్కడైనా కాస్తుంది, ఉప్పు ఎక్కడైనా దొరుకుతుంది. ఆ గట్టిదనం నీళ్లది. నిరుడు బావి సన్నగిల్లినప్పుడు ఒనీసియా ఒక పీపాకి కొండ మీది కుళాయి నీళ్లు మోయించింది. నెల తిరక్కుండా కాయలు తడిగుడ్డల్లా అయ్యాయి. తీసుకెళ్లి ఏట్లో గుమ్మరించింది.

జూన్ ఆఖరి వారానికి కాయ దిగుతుంది. ఆలోపు నీళ్లు పడకపోతే పదకొండు పీపాలూ ఎండి నెర్రెలిస్తాయి. ఒక్క ఏడు తప్పితే కొనేవాళ్లు ఇంకో ఊరు మరుగుతారు. ఒనీసియాకి యాభై రెండేళ్లు, ఆ పీపాలు తప్ప చేతిలో ఇంకో పని లేదు. ఆమె లూక్యాన్ ఇంటికి వెళ్లింది.

లూక్యాన్ ఏటవతల నలభై ఒక్క బావి తవ్వినవాడు. అరవై ఎనిమిదేళ్లొచ్చినా గోతిలోకి తనే దిగుతాడు. ఆమె వెంట వచ్చి దొడ్డంతా ఒక చుట్టు తిరిగాడు.

"ఎక్కడుంది బాబాయ్ జల?" అంది ఒనీసియా.

"చూడాలి."

"చూడ్డానికెన్నాళ్లు?"

"రెండు పొద్దులు."

"మీరు నోరు తెరవడానికి పట్టేదీ కలిపేనా?"

ఆయన ఇంటికెళ్లి ఉన్నీ కుండలూ తెచ్చాడు. పొద్దుగూకే ముందు పొడి ఉన్ని ఉండలు మూడు చోట్ల నేలమీద పెట్టి, ఒక్కోదాని మీద పూత లేని మట్టికుండ బోర్లించాడు. తెల్లవారి తీసి చూస్తే రెండు కుండల కింద ఉన్ని పొడిగానే ఉంది. కొట్టం వెనక పెట్టిన కుండ లోపలంతా చెమట పట్టి, ఉన్ని పిండితే నీళ్లు కారాయి. రెండో పొద్దునా అంతే. అక్కడే గీత గీశాడు.

గిలక దగ్గర ఆయన బావమరిది తిమీష్ నిలబడ్డాడు. ఇరవై ఏళ్లుగా లూక్యాన్‌ని కిందికి దింపేదీ, మట్టి పైకి లాగేదీ అతనే. పనివాడే గానీ నోట్లో నువ్వుగింజ నానదు.

ఏటవతల నేల లూక్యాన్‌కి సొంత చెయ్యంత తెలుసు. పైన నల్లమట్టి. తర్వాత బూడిదరంగు ఒండ్రు. దాని కింద నీలి జిగురుమట్టి. ఆ కింద ఇసుక, ఇసుకలో నీళ్లు. నలభై ఒక్కచోటా అదే వరస. ఇక్కడ రెండు మూరల నల్లమట్టి దాటగానే బొగ్గు తగిలింది. జానెడు మందాన, గొయ్యి అంతటా. బొగ్గు కింద ఒండ్రు రాలేదు. పసుపుపచ్చ జిగురుమట్టి వచ్చింది.

ఆయన పార ఆపి ఒక పెళ్ల చేతిలోకి తీసుకున్నాడు. ఈ మట్టి కోటదిబ్బ మీదే ఉంటుంది. ఏరు దాటి తనంతట తాను నడిచి రాదు.

జిగురుమట్టి నడుములోతు తవ్వాక పలుగు దేనికో తగిలి ఆగింది. చేత్తో తుడిచాడు. ఓక్ దుంగ. దాని పక్కన మూల, మూల దగ్గర ఇంకో దుంగ. నాలుగు దుంగలు ఒకదాన్నొకటి కరుచుకుని చదరంగా ఉన్నాయి. పాత బావి ఒర అది. తాను గీత గీసిన చోటే ఎవడో ఎప్పుడో గీత గీశాడు.

"లాగు," అన్నాడు.

పైకొచ్చి మట్టిగుట్ట మీద కూర్చున్నాడు. "మూసిన బావి," అన్నాడు ఒనీసియాతో. "నేను తవ్వను."

"అదేంటి బాబాయ్, మూసిందయితే సగం పని అయినట్టేగా?"

"తవ్వను."

కారణం తిమీష్‌కి తెలుసు, ఒనీసియాకి తెలియదు. పంతొమ్మిది వందల నలభై ఆరులో తండ్రి పదహారేళ్ల లూక్యాన్‌ని వెంటబెట్టుకుని పక్కూళ్లో ఒక బావి తెరవడానికి వెళ్లాడు. యుద్ధంలో మూసిన బావి. రెండు నిలువులు తవ్వాక, నువ్వు పైకి పోరా అన్నాడు తండ్రి. కొడుకు అప్పటికే మట్టిలో మనిషి ఎముకలు చూశాడు. ఆ బావిని వాళ్లిద్దరూ మళ్లీ పూడ్చారు. చర్చి గురువు వచ్చి ప్రార్థన చదివాడు. ఇంటికి నడిచి వచ్చే దారిలో తండ్రి ఒక్కటే మాట చెప్పాడు. మూసింది తెరవకు. లూక్యాన్ యాభై రెండేళ్లుగా తెరవలేదు.

ఇదంతా తిమీష్ ఆమెకి చెప్పాడు. ఆమె గోతి అంచుకెళ్లి దుంగల్ని వంగి చూసింది. తర్వాత అంది: "మిగతా రెండు కుండలూ పొడిగా ఉన్నాయి. నేనేం చెయ్యాలి మరి?"

లూక్యాన్ బూట్లకంటిన పసుపుమట్టి గీక్కుంటూ కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి తిమీష్ పుణ్యమా అని కొండమీదికి కబురు వెళ్లింది. జినోవీ మాస్టారు సైకిల్ మీద వచ్చాడు. బడిలో చరిత్ర చెబుతాడు. బడి పక్క గదిలో ఉన్న మ్యూజియం తాళం కూడా ఆయన దగ్గరే ఉంటుంది. ఊరి చరిత్ర నలభై పేజీల పుస్తకంగా రాశాడు. ఊరు 1638లో కోటదిబ్బ మీద పుట్టిందనీ, ఏటవతల నూట యాభై ఏళ్ల తర్వాత గానీ మనుషులు లేరనీ, అంతకుముందు ఉత్త బురదేననీ అందులో ఉంది.

నిచ్చెన మీద దిగి చూసి, అద్దాలు తుడుచుకుంటూ పైకొచ్చాడు.

"మహా అయితే నూరేళ్లది," అన్నాడు. "ఎవరిదో వంటిల్లు కాలి ఉంటుంది. ఆ బొగ్గే."

"రంపం తగల్లేదు," అన్నాడు లూక్యాన్. "అంతా గొడ్డలే. మూల చెక్కడం మా తాత కూడా ఎరగడు. మట్టి మీ దిబ్బది."

మాస్టారు ఆ పసుపు పెళ్లని చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

తిమీష్ ఊరుకుంటాడా! "మాస్టారూ, మీ పుస్తకంలో ఇక్కడ అప్పట్లో కప్పలే అన్నారుగా? ఈ ఓక్ దుంగలు కప్పలు కొట్టాయంటారా?"

"తిమీష్, ఏడో తరగతిలో నిన్ను రెండుసార్లు కూర్చోబెట్టింది చాల్లేదురా నాకు," అన్నాడు మాస్టారు. ఆయన కళ్లు మాత్రం గోతిలోనే ఉన్నాయి. తర్వాత ఒనీసియా వైపు తిరిగాడు. "అమ్మా, ఇలాంటిది బయటపడితే ముట్టుకోకూడదు. చట్టం ఉంది. నేను జిల్లాకి రాస్తాను, వాళ్లొచ్చి పద్ధతిగా తవ్వుతారు."

"ఎప్పుడొస్తారు?"

"వచ్చే వేసవికి రావచ్చు."

"అయితే మా దోసకాయలకి కూడా మీరే ఓ ఉత్తరం రాయండి. వచ్చే వేసవి దాకా తీగమీదే ఉండమని."

"ఇది ఊరి చరిత్రమ్మా."

"కొండమీద కుళాయి తిప్పుకునేవాళ్లకి చరిత్ర మాస్టారూ. నాకు బావి."

లూక్యాన్ వాళ్ల మాటలు వింటూనే మట్టిగుట్టని చూస్తున్నాడు. తన మాట నిలిచింది, చట్టం కూడా తన పక్షానే ఉంది, లేచి ఇంటికి పోవచ్చు. కానీ ఆ పసుపుమట్టి పెళ్లల అంచులు ఆయన కంటికి ఆనాయి. ఒకటి తీసి విరిచాడు. పొర మీద పొరగా ఊడింది. ఒక్కో పొర నాలుగు వేళ్ల మందం. ప్రతి పొరా దిమ్మిసతో కొట్టిందే.

ఇరవై బళ్ల మట్టయినా ఉంటుంది. దిబ్బ దింపి, ఏరు దాటించి, నాలుగేసి వేళ్ల మందాన పరిచి కొట్టారు. నలభై ఆరులో చూసిన బావిలో ఇటుకలు, బండి చక్రం, చెత్త, తొందర.

"దించు," అన్నాడు తిమీష్‌తో.

కింద మోకాళ్ల మీద కూర్చుని ఒర లోపలి జిగురుమట్టిని అడుగంటా గోకాడు. దాని కింద ఇసుక తగిలింది. ఏటి తెల్ల ఇసుక. గుప్పెడు తీసి వాసన చూశాడు, వేళ్ల మధ్య నలిపాడు. గుడ్డపేలిక లేదు. ఎముక లేదు. చీపురుపుల్ల కూడా లేదు. జల్లించి పోసిన ఇసుక అది.

పైకొచ్చి ఆ గుప్పెడూ మాస్టారి ముందు తెరిచాడు.

"చంపి పారేసినవాడు ఇంత మట్టి మొయ్యడు," అన్నాడు. "ఇది పూడ్చింది కాదు మాస్టారూ. దాచింది. తర్వాతే పైన కాలింది, బొగ్గు మట్టికి పైనుంది. నేను తవ్వుతాను."

లూక్యాన్ నోట అన్ని మాటలు ఒక్కసారి రావడం తిమీష్ ఎరగడు.

"వీల్లేదన్నా. నేను రాసి తీరాలి. చూశాక రాయకుండా ఉండలేను."

"రాయండి. ఇక్కడే కూర్చోండి. వచ్చిన ప్రతి చేదా జల్లించుకోండి. ఏం దొరికినా మీదే."

మాస్టారు చాలాసేపు గోతిలోకి చూస్తూ నిలబడ్డాడు. చివరికి సంచీలోంచి కాగితం తీసి, సైకిల్ సీటు మీద పెట్టి ఉత్తరం రాశాడు. తారీకు వేశాడు. ఒక్క ముక్క దాచకుండా రాశాడు. కవరు నాలికతో తడిపి అంటించాడు.

"ఏ పెట్టెలో వేస్తారు?" అనడిగింది ఒనీసియా.

"వంతెన దగ్గరది."

తిమీష్ గిలక పట్టుకుని నవ్వాడు. వంతెన దగ్గర పెట్టె వారానికొకసారి తెరుస్తారు, అదీ మనిషికి ఓపికుంటే. మాస్టారు నవ్వలేదు. వెళ్లి ఉత్తరం వేసి, ఇంటి నుంచి పిండి జల్లెడ పట్టుకొచ్చాడు.

నాలుగు రోజులు తవ్వారు. పైదుంగలు పుచ్చి చేతికి ఊడొచ్చాయి. అంతమేరా సిమెంటు ఒరలు దింపాడు. ఆ కింది ఓక్ నల్లబడి ఇనుములా ఉంది. ఇసుకతోనే భయం. ఒక పక్క తీస్తే ఇంకో పక్క జారేది. రెండుసార్లు తొడల దాకా కప్పేసింది. రెండోసారి తిమీష్ తిట్టుకుంటూ ఒక్కడే లాగాడు. "ఈ వయసులో నీకిదేం పోయేకాలం బావా! అక్కకి నేనేం చెప్పుకోను?" లూక్యాన్ బూట్లలో ఇసుక దులుపుకుని, నీళ్లు తాగి, మళ్లీ దిగాడు.

మాస్టారు బోర్లించిన పీపా మీద కూర్చుని ప్రతి చేదా జల్లించాడు. ఒక పూస గానీ, కుండపెంకు గానీ, కాసు గానీ పడుతుందని చూశాడు. గోరంత పెంకు పడితే చాలు, ఏ కాలమో చెప్పగలడు. జల్లెడలో ఏమీ మిగల్లేదు. చేద చేదకీ ఆయన మొహం చిన్నబోయింది. లూక్యాన్ మాత్రం ప్రతి చేద వెనకా పైకి చూసి "ఏమన్నా ఉందా?" అని అడిగేవాడు. "ఏమీ లేదన్నా" అని వినబడ్డాక గానీ పార ఎత్తేవాడు కాదు.

నాలుగో రోజు మధ్యాహ్నం అడుగు దుంగ దాటి మూరెడు తవ్వేసరికి కాళ్ల కింద ఇసుక కదిలింది. నీళ్లు ఏటివైపు నుంచి రాలేదు. కొండవైపు నుంచి వచ్చాయి, పళ్లు జివ్వుమనేంత చల్లగా. ఏటి కిందుగా పారే ఊట అది. ఇసుక తవ్వకాలు దాన్ని అందుకోలేదు. ఆయన్ని పైకి లాగేసరికే నీళ్లు మోకాలిదాకా లేచాయి.

తేరడానికి ఒక పూట వదిలారు. మర్నాడు పొద్దున్న తిమీష్ మొదటి చేద తోడాడు. మొదటి గుక్క బావి తవ్వినవాడిది. అది అక్కడి పద్ధతి. ఒనీసియా లోటా ముంచి ఇచ్చింది.

లూక్యాన్ లోటా పట్టుకుని నిలబడ్డాడు. నలభై ఒక్కసార్లు తాగినవాడు ఈసారి తాగలేకపోయాడు. మాస్టారు చూసీ చూడనట్టు జల్లెడ దులుపుకుంటున్నాడు.

"ఎవరు మూసుంటారో!" అన్నాడు మాస్టారు. "ఏ దండు వస్తోందని విన్నారో."

"తిరిగొద్దామనుకున్నవాళ్లే," అన్నాడు లూక్యాన్. లోటా ఎత్తి అడుగుదాకా తాగాడు.

"ఎలా ఉన్నాయి బాబాయ్?"

"నీళ్లు."

"అబ్బ, ఎంత చక్కగా చెప్పారు!" అంటూ ఒనీసియా లోటా లాక్కుని తనూ తాగింది. మూతి తుడుచుకుంది. కొట్టంలోకి వెళ్లి మొదటి పీపా దొర్లించుకొచ్చింది.

ఆ వారం పదకొండు పీపాలూ నానబెట్టారు. జూన్ ఇరవై ఏడున కాయ దిగింది. మాస్టారి ఉత్తరానికి అక్టోబరులో జవాబొచ్చింది. వస్తువును అప్పటికే కదిలించినందున పరిశీలనకు పనికిరాదని రెండు వాక్యాలు, కింద ముద్ర. ఆయన దాన్ని మ్యూజియం దస్త్రంలో పెట్టాడు. తన పుస్తకంలో ఏటవతల ఉత్త బురదేనన్న వాక్యం కొట్టేసి, అక్కడ మనుషులు ఎప్పటినుంచి ఉన్నారో తెలియదని పక్కన పెన్సిల్‌తో రాసుకున్నాడు. కొండమీద ఆ మాట ఎవరూ నమ్మలేదు.

డిసెంబరు మొదటి శనివారం ఒనీసియా బజారులో పీపా మూత తీసింది. ఏటా వచ్చే మనిషి ఒకాయన దూరపు పల్లె నుంచి వచ్చి, టోపీ చంకలో పెట్టుకుని ఒక కాయ తీసి కొరికాడు. ఆ కటుక్కు పక్క కొట్టువాళ్లకి కూడా వినబడింది.

"సగం పీపా కట్టు," అన్నాడు.