తుమ్మచెట్టు అవతలి కందిసాళ్లు

ఓబులేసుకు దేవుడు కనిపించని చోటు లేదు. బస్సు ఆలస్యంగా వస్తే దేవుడే ఆపినాడంటాడు, తొందరగా వస్తే దేవుడే పంపినాడంటాడు. ప్రతి శనివారం సాయంత్రం ఆంజనేయస్వామి గుడిలో భజన ముగిశాక తాళాలు పక్కన పెట్టి, మైకు దగ్గరికి జరుపుకుని, ఆ వారం తనకు దేవుడు ఎక్కడెక్కడ కనిపించాడో ఊరికి చెబుతాడు. ఊరు కూర్చుని వింటుంది. ఆ తర్వాత గుగ్గిళ్లు పంచుతారు కాబట్టి మధ్యలో లేచిపోయేవాళ్లు తక్కువ. వాటిని పంచేది కూడా ఓబులేసే. ఒకరికి దోసెడు పడితే పక్కవాడికి నాలుగు గింజలు పడతాయి. చెయ్యి పెద్దదే గాని లెక్క తెలియని చెయ్యి.

ఆయన భార్య తిప్పమ్మకు దేవుడి మీద భయభక్తులు ఉన్నాయి. మొగుడికి కనిపించే దేవుడి మీద మాత్రం అనుమానం. ఎందుకంటే ఆ దేవుడు చేసే పనులు చాలావరకు ఆమె చేసినవే. ఒక ఎండాకాలం ఓబులేసు తాగే నీళ్లు మరిచి చేనికి పోయాడు. నోరెండి గట్టు మీదికి వచ్చేసరికి వేపచెట్టు నీడలో తడిగుడ్డ చుట్టిన బిందె ఉంది. ఆ శనివారం మైకులో అదే మాట. "నేను మరిచినా ఆయన మరవలేదప్పా!" ఆ బిందె మోసి నడుం పట్టేసిన మనిషి ఆడవాళ్ల వరుసలోనే కూర్చుని వింటోంది. పక్కింటి సుబ్బరత్నమ్మ ఆమె చెవి దగ్గర వంగి, "దేవునికి నడుం నొప్పి తగ్గిందా వదినా?" అని అడిగింది. తిప్పమ్మ నవ్వలేదు.

ఈ ఏడు ఆషాఢం మొదట్లో ఒక మంచి వాన పడింది. చేలు విత్తనాల పదునుకు వచ్చాయి. ఆ వైపు ఊళ్లలో ఎవరూ వేరుశనగ ఒక్కటే విత్తరు. కొన్ని సాళ్లు వేరుశనగ వేసి, మధ్యలో ఒక సాలు కందులూ అలసందలూ కలిపి వేస్తారు. దాన్ని అక్కిడి సాలంటారు. వాన మొహం చాటేసి వేరుశనగ ఎండిపోయినా, వేరు లోతుకు దించే కంది ఎట్లాగో నిలబడుతుంది. అట్లాంటి ఏడాది ఇంటికి ఆ సాళ్లే దిక్కు.

ఓబులేసు ఈ అక్కిడి సాలును కూడా తన భక్తితో కొలిచి చూశాడు. అది కొలతకు నిలవలేదు. శనివారం మైకు అందుకుని, "అక్కిడి సాలు యేసేదంటే ఏందప్పా?" అన్నాడు. "సామీ, నువ్వు వాన ఇస్తావో ఇయ్యవో, నా జాగ్రత్తలో నేనుంటా అని ఆయన మొగం మీదే చెప్పినట్ల గాదా? ఈ తూరి నా చేన్లో ఒట్టి శెనక్కాయే. అంతా ఆయన మీదనే యేస్తాండా."

అందరూ తలలు ఊపారు. ఎవరూ తమ చేలో మాత్రం ఆ పని చేయలేదు.

ఇంటికి వచ్చాక, మొగుణ్ని ఎప్పటిలాగే కూతురి పేరుతో పిలుస్తూ తిప్పమ్మ తగులుకుంది. "ఏం హేమ నాయనా, దేవుని మీద యేస్తే యేసుకో. రేపు పప్పు లేకుంటే మాత్రం నా మీద యేయొద్దు."

"నమ్మకం సగం సగం పెట్టేది గాదే."

"నమ్మకం ఉండాది, సరే. కడుపు యాడ పెట్టుకుందాం?"

ఓబులేసు ఎద్దులకు మేత వేయడానికి లేచాడు. మైకులో అన్న మాట ఆయనకు రాతి మీద చెక్కినట్టే. వెనక్కి తీసుకోవడం ఆయన చేత కాదు.

విత్తనం వేసే రోజు ఓబులేసు ముందు ఎద్దులు తోలాడు. సుబ్బరత్నమ్మ విత్తే గొర్రు పక్కన నడుస్తూ వేరుశనగ గింజలు వేసింది. పైకి తేలిన గింజలను కాలితో మట్టిలోకి కప్పుకుంటూ వెనక రావడం తిప్పమ్మ పని. ఆమె ఒడిలో కందులూ అలసందలూ ఉన్నాయి. ఉండుండి ఒక సాలులో గింజలు జారవిడిచి కాలితో మట్టి కప్పుతూ పోయింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి ఒక్కొక్క గింజ, జానెడుకొకటి. ఆ చేతివాటం అత్త దగ్గర నేర్చుకున్నది. ఇన్నేళ్ల కాపురంలో మొగుడికి ఎదురు చెప్పింది గాని, మొగుడి వెనక ఏ పనీ చేయలేదు. ఇది తప్పని తెలుసు. మొగుడు ఎక్కడ తిరిగి చూస్తాడోనని భయం. అయినా చెయ్యి ఆపలేదు. సుబ్బరత్నమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసి, చూడనట్టే ముందుకు తిరిగి, ఎద్దులను గట్టిగా అదిలించింది.

చేను మధ్యలో ఒక తుమ్మచెట్టు ఉంది. అక్కడికి వచ్చేసరికి ఒడి ఖాళీ అయింది. తుమ్మచెట్టు నుంచి చివరనున్న గుట్ట దాకా మిగిలిన చేనుకు అక్కిడి సాళ్లు లేకుండా పోయాయి. ఇంతవరకే ప్రాప్తమనుకుని తిప్పమ్మ కొంగు దులుపుకుంది.

ఆ సాయంత్రమే కదిరి నుంచి ఫోన్ వచ్చింది, కూతురు హేమకు నొప్పులొస్తున్నాయని. తెల్లారి మొదటి బస్సుకు తిప్పమ్మ వెళ్లిపోయింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. కాని పసిబిడ్డకు నీళ్లు పోస్తున్నా తిప్పమ్మ ధ్యాస చేని మీదే ఉండేది. నాలుగు దినాలు పోతే మొలకలు పైకి వస్తాయి. వేరుశనగ ఆకేదో కంది ఆకేదో ఓబులేసుకు తెలియకపోదు. మైకులో మాట ఇచ్చిన మనిషి ఊరుకుంటాడా? కలుపు తీసే గుంటక కట్టి, ఆ సాళ్లన్నీ పెరికేస్తాడేమో. రోజూ ఆకాశంలో మోడాలు వచ్చేవి, గాలికి తేలిపోయేవి. వాన లేదు. వాన లేకుంటే ఆ ఏడాదికి మిగిలేది ఆ కందే.

ఒకరోజు సుబ్బరత్నమ్మ ఫోన్ చేసింది. "వదినా, మొలిచినాయి. అన్న చూసినాడు."

తిప్పమ్మ ఫోన్ చెవికి నొక్కుకుంది. "గుంటక కట్టినాడా?"

"గుంటక కట్టలా, మైకు పట్టినాడు. 'నేను వద్దన్నా నా చేన్లో దేవుడే అక్కిడి సాలు యేసినాడప్పా, నా తెలివి తప్పినా ఆయన దయ తప్పలేదు' అని ఒకటే చెప్పడం. ఊరంతా నగినారు. 'దేవుడు సాలు తప్పకుండా భలే యేసినాడే అన్నా!' అని కుళ్లాయప్ప అననే అన్నాడు."

కుళ్లాయప్ప భజనలో డోలు కొడతాడు. నోరు ఊరుకోని మనిషి.

పంట బతికిందన్న సంతోషం తిప్పమ్మకు ఒక పూట ఉంది. తర్వాత ఒళ్లు మండింది. నీళ్ల బిందె పోతే పోయింది. ఇది మాత్రం గుండె చేత్తో పట్టుకుని చేసిన పని. భయం తనకు, పేరు దేవుడికి. ఈసారి ఊరుకునేది లేదు. ఆ గుడిలోనే, ఆ మైకులోనే, నలుగురి ముందరే చెప్పాలి. దేవుడు గాదు, నేను యేసినా అని.

శ్రావణం చివర్లో ఒక శనివారం మధ్యాహ్నం బస్సు దిగింది. ఇంటికి పోలేదు. సంచీ సుబ్బరత్నమ్మ వాకిట్లో పడేసి నేరుగా చేనికి పోయింది.

వేరుశనగ పని అయిపోయింది. ఆకులు ముడుచుకుని నేల చూస్తున్నాయి. కాయ పట్టే ఊడలు దిగే వేళకు నేల గట్టిపడి, దిగాల్సినవి పైనే వాడిపోయాయి. వాటి మధ్యన కంది మాత్రం మోకాలెత్తున పచ్చగా నిలబడి ఉంది. అలసంద తీగలకు కాయలు దిగాయి. జానెడుకొక మొక్క, దారం పట్టినట్టు సాలు. అది తన చెయ్యే. నలుగురికీ చూపించడానికి కాయలు కోసి ఒడిలో వేసుకుంటూ, తన సాలు వెంబడే నడిచింది.

తుమ్మచెట్టు దగ్గర ఆగిపోయింది.

అవతల కూడా కంది ఉంది. గుట్ట దాకా ఉంది.

ఒడి దులుపుకున్నది ఇక్కడే. ఇక్కడి నుంచి ఒక్క గింజ కూడా పడలేదు. అది ఆమెకు బాగా గుర్తు. చేతులు వాటంతటవే దండం పెట్టబోయాయి. అంతలో మొక్కల వైపు సరిగ్గా చూసింది. ఒక చోట నాలుగైదు మొక్కలు ఒకదాని మీద ఒకటి పడి మొలిచాయి. ఆ తర్వాత బారెడు దూరం ఏమీ లేదు. మళ్లీ ఒక గుంపు. సాలు కూడా ఇటు కొంతా అటు కొంతా పోయింది.

ఒకరికి దోసెడు, ఒకరికి నాలుగు గింజలు. ఆ చెయ్యి ఎవరిదో చెప్పడానికి తిప్పమ్మకు ఎవరి సాయమూ అక్కర్లేదు.

అంటే ఆ రోజు ఎద్దులు మలుపుకుంటూ చూశాడన్నమాట. చూసి నోరెత్తలేదు. ఆమె కదిరి బస్సెక్కగానే కుండలోని కందులు తీసుకుని, ఒక్కడే వచ్చి, కట్టెతో గుంతలు పొడుస్తూ, ఆమె విడిచిన చోటు నుంచి గుట్ట దాకా వేశాడు. అంతా దేవుడి మీదే వేస్తున్నానని మైకులో చెప్పిన మనిషి. తనకైతే మొగుడంటే భయం. ఆ పని చేస్తున్నప్పుడు ఆయనకు దేవుడంటే ఎంత భయం వేసి ఉంటుందో.

తుమ్మచెట్టు పలచటి నీడలో కూర్చుంది. దారి పొడుగునా మోసుకొచ్చిన కోపం కోసం వెతుక్కుంటే దొరకలేదు. మన ఒడి ఖాళీ అయిన చోట, మనకు చెప్పకుండా ఇంకొకరు అందుకుంటారు. శనివారం శనివారం ఈయన చెప్పేది ఇదేనేమో అనిపించింది. ఇన్నేళ్లుగా వింటున్నా, మైకులో ఆ మాట ఎప్పుడూ ఇంత సూటిగా చెవికెక్కలేదు.

సాయంత్రం గుడి నిండుగా ఉంది. ఆడవాళ్ల వరుసలో తిప్పమ్మను చూడగానే ఓబులేసు తాళం తప్పాడు. భజన ముగిశాక మైకు దగ్గరికి జరుపుకున్నాడు గాని, మాట తడబడింది.

"వాన రాలేదప్పా. శెనక్కాయ పోయినట్టే. అయినా అక్కిడి సాలు నిలబడింది. అది దేవుడు..."

కుళ్లాయప్ప డోలు మీద చెయ్యి ఆనించి, "ఇత్తనం యేసిన దేవున్ని నువ్వు చూసినావా అన్నా?" అన్నాడు.

నవ్వులు లేచాయి. ఓబులేసు తల వంచుకున్నాడు. సుబ్బరత్నమ్మ మోచేత్తో పొడిచింది. "లెయ్ వదినా. చెప్పు."

తిప్పమ్మ లేచి నిలబడింది.

"నేను చూసినా. తుమ్మచెట్టు దాకా యేసిన దేవుని సంగతి నేను మాట్లాడను. అవతల యేసిన దేవునికి మాత్రం ఇత్తనం యేసేది రాదు. ఒకతావ దోసెడు, ఒకతావ ఏమీ ల్యా. వచ్చే ఏడు నా పక్కన నడిచి నేర్చుకోమని చెప్పండి."

ఊరు విరగబడి నవ్వింది, సంగతి అర్థం కాకపోయినా. సుబ్బరత్నమ్మ నోరు తెరిచి తిప్పమ్మ వైపు చూసింది, ఓబులేసు వైపు చూసింది. ఓబులేసు మైకును పక్కకు నెట్టాడు. కండువా అంచుతో మొహం తుడుచుకున్నాడు.

"ఈ పొద్దు నా దగ్గర మాట ల్యాదప్పా," అన్నాడు. "గుగ్గిళ్లు తీసుకోండి."

గిన్నె పట్టుకుని వరుస వెంబడి వచ్చాడు. తిప్పమ్మ కొంగు పట్టింది. ఓబులేసు ఆమె మొహం చూడకుండా ఒక దోసెడు పోశాడు, మళ్లీ ఒక దోసెడు పోశాడు. పక్కనున్న సుబ్బరత్నమ్మకు నాలుగు గింజలు మిగిలాయి.