లాగి చూడని తాళం

కండ్లకోయ దాటుతుండగా సుధాకర్ స్కూటరు వేగం తగ్గింది. వెనకాల వస్తున్న లారీవాడు హారన్ మోగించి, పక్కనుంచి పోతూ ఏదో తిట్టాడు. సుధాకర్‌కు వినబడలేదు. మేడ్చల్‌లో ఇంటి తలుపుకు తాళం వేశాడా లేదా అన్నదొక్కటే అప్పుడతని ప్రశ్న. వేశాడు. వేసి మూడుసార్లు లాగి చూశాడు కూడా. ఇనుము చల్లగా చేతికి తగలడం గుర్తుంది. కానీ ఆ గుర్తు ఇవాళ్టిదా, నిన్నటిదా? రోజూ చేసే పనులకు గుర్తులన్నీ ఒకే తీరుగా ఉండి చస్తాయి. స్కూటరు రోడ్డు అంచుకు తీసి, అటూ ఇటూ చూసి, వెనక్కి తిప్పాడు.

తాళం వేసే ఉంది. ఉండక ఎక్కడికి పోతుంది! పెళ్లయినప్పటి నుంచి అది ఒక్కనాడూ తెరిచి కనబడలేదు. అయినా సుధాకర్ దాన్ని మళ్లీ మూడుసార్లు లాగి చూసి, ఛాతీ మధ్యలో మంటగా అనిపిస్తే చేత్తో రుద్దుకుని, గ్యాసు అనుకుని మళ్లీ ఆఫీసు దారి పట్టాడు. నలభై దాటిన మనిషి. సన్నటి ఒళ్లు, చెవుల పక్కన నెరిసిన వెంట్రుకలు, ఎప్పుడూ ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడే కళ్లు. కూర్చుంటే కుడి మోకాలు ఊరుకోదు, గడగడా ఊగుతూనే ఉంటుంది. అన్నం తినేటప్పుడు కంచం కదులుతుందని భార్య బిందు అతన్ని కాస్త ఎడంగా కూర్చోబెడుతుంది.

ఆ బిందు పొద్దున బడికి పోతూ పోతూ గడప మీద నిలబడి గట్టిగానే చెప్పింది. మేడ్చల్‌లోనే ఓ ప్రైవేటు బడిలో ఆమె టీచరు.

"ఇయ్యాల ఆరున్నర ఆటకు పోతున్నం. నేను టాకీసు కాడనే నిలవడ్త. పెండ్లైనకాంచి ఒక్క సినిమా గూడ పేర్లు పడంగ చూసింది లేదు మనం. ఇయ్యాలన్న మల్ల ఎనుకకు తిరిగి పోకు."

"పోను."

"గట్లనే అంటవు. మొన్న మా చెల్లె పెండ్లికి గట్లనే అంటివి, తలంబ్రాలైనంక అచ్చినం."

నిజమే. ఈ గుణం అతనికి ఊరికే రాలేదు. నాయిన సత్తయ్య గౌడవెల్లి దారిలో రైల్వే గేటు కాపలాదారు. రైలొచ్చే ముందు గేటు వేసి, తాళం వేసి, నాలుగడుగులు నడిచి, మళ్లీ వెనక్కొచ్చి లాగి చూసేవాడు. "పడ్డది అనుకుంటే అయితదా బిడ్డా? సూడాలె. గీడ మనం మర్చిపోతె గాడ మంది పోతరు" అనేవాడు. సత్తయ్య గేటు దగ్గర ఎన్నడూ ఒక మేక కూడా చావలేదు. నాయిన పోయాడు, గేటు పోయి దాని మీద వంతెన వచ్చింది. లాగి చూసే చెయ్యి మాత్రం కొడుక్కు మిగిలింది.

ఆఫీసు పేట్ బషీరాబాద్‌లో, హైవే పక్కన, కింద టైల్స్ దుకాణం, పైన వీళ్లు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల కోళ్ల ఫారాలకు లెక్కల సాఫ్ట్‌వేరు రాస్తారు. గుడ్లెన్ని, పిల్లలెన్ని, దాణా ఎంత. యజమాని ధర్మేందర్. పొలాలున్న ఇంటివాడు, మొదట తన ఫారాల కోసమే ఇదంతా పెట్టించాడు. అప్పుడు చేరిన మొదటి మనిషి సుధాకర్. పదిమంది కలిసి ఒకే ప్రోగ్రాము రాస్తుంటే ఒకడు రాసినదాన్ని ఇంకొకడు చెరిపేయకుండా ఒక చోటు కావాలి కదా. ఆ చోటు సుధాకరే రాశాడు, తొంభై ఆరులో. దానికి 'సందుగ' అని పేరు పెట్టాడు. అందరూ అందులోంచి తమకు కావలసిన ఫైళ్లు తీసుకుంటారు, మార్చి తిరిగి పెడతారు. పాత ప్రతి ఏదీ పోదు. నిన్నటిది తప్పయితే మొన్నటిది తీసుకోవచ్చు. ఇంట్లో అవ్వ చీరలు, కాగితాలు దాచుకునే ఇనప సందుగ గుర్తొచ్చి పెట్టిన పేరది. ఎనిమిదేళ్లలో అందులో పెట్టినదేదీ చెడిపోలేదు. ఆ మాట అన్నప్పుడల్లా సుధాకర్ మోకాలు ఒక్క క్షణం ఆగేది.

అలాంటి సందుగకే ఇప్పుడు గండం వచ్చింది.

పోయిన వారం నిఖిల్ అనే కుర్రాడి కంప్యూటరులో డిస్కు చెడిపోయింది. వారం రోజుల పని పోయింది. సందుగలో ఉంటుంది కదా అని అందరూ ధీమాగా ఉన్నారు. లేదు. వాడు పెట్టనేలేదు.

"ఎందుకు పెట్టలే?" అని అడిగాడు ధర్మేందర్.

"పెట్టుడు మొదలుపెడితే ఛాయ్ తాగొచ్చినా అయితలేదు సార్. మీద నుంచి ఖాయమేనా, ఖాయమేనా అని మూడుమాట్ల అడుగుతది. శనివారం అన్నీ ఒక్కసారే పెడ్తమనుకున్న" అన్నాడు నిఖిల్ తల వంచుకుని.

అప్పుడు తెలిసింది, అందరూ అంతేనట. సందుగతో విసుగెత్తి ఎవరి పని వాళ్ల దగ్గరే దాచుకుంటున్నారట. సుధాకర్‌కు ఆ పూట అన్నం దిగలేదు. ఏ నష్టం రాకూడదని దాన్ని కట్టాడో ఆ నష్టం దానివల్లే వచ్చిందే! ధర్మేందర్ అరవలేదు, అరిచినా బాగుండేది. "శుక్రవారం సాయంత్రం దాంక సూస్త సుధాకర్. జల్దీ కాకుంటే నెట్‌ల ఉత్తగ దొరికేది పెట్టుకుందం. నీ సందుగ బంద్ చేద్దం. మనసుల పెట్టుకోకు" అన్నాడు. ఇవాళే ఆ శుక్రవారం.

సుధాకర్ వచ్చేసరికి ఆశ్రిత అప్పటికే అతని కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని ఉంది. నిరుడు చేరిన పిల్ల. మాట నిక్కచ్చి. రెండు రోజులుగా ఇద్దరూ కలిసి సందుగ ఎక్కడ ఆలస్యం చేస్తోందో వెతుకుతున్నారు. బల్ల మీద ఆమె నీళ్ల గ్లాసు, సుధాకర్ మోకాలి పుణ్యమా అని, వణుకుతూ ఉంది.

"దొరికింది సార్," అంది ఆశ్రిత తెర మీద వేలు పెట్టి. "గీడ సూడుండ్రి. ఒక్క ఫైలు పెడదామంటే ఇది మొదటి నుంచి ఉన్న పాతవన్నీ తెరిచి, ఒక్కొక్కటి మంచిగున్నదా లేదా అని సూస్తాంది. తొంభై ఆరుల పెట్టినయి గూడ. అన్నీ అయినంకనే కొత్తది లోపలికి తీస్కుంటది."

"అవు. నేనే రాసిన గట్ల."

"ఎందుకు సార్?"

సుధాకర్ తెర మీది పాత ఫైళ్ల వరసను కిందికి జరుపుతూ పోయాడు. సందుగ కొత్తగా ఉన్నప్పుడు నాలుగు ఫైళ్లు. అవన్నీ చూడటానికి రెప్పపాటు పట్టేది కాదు. ఇప్పుడు ఎనిమిదేళ్ల సామాను. అయినా అది ప్రతిసారీ కండ్లకోయ దగ్గర బండి తిప్పుకుని ఇంటికి పోయి తాళం లాగి చూసి వస్తోంది. ఎవరు రాస్తే వాళ్ల బుద్ధే వస్తుంది కాబోలు దానికి! అతనికి నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది.

"ఒకసారి సూసినంక సూసిన అని గుర్తు పెట్టుకుంటే సాలు గదా సార్. ఏది మారిందో గదొక్కటే సూసుకోవాలె. మారనిదాన్ని మల్ల మల్ల ఎందుకు సూసుడు?"

"మనం సూడనప్పుడే పాడైతే?"

"ఆదివారం ఆఫీసు బంద్ ఉంటది గద. గప్పుడు ఎవ్వలకు అడ్డం లేకుంట మొత్తం ఒకసారి సూసుకొమ్మందం. కరెంటు పోయినా ఆగమైపోకుంట, కొత్తది పక్కకు రాసి, మంచిగ పడ్డంకనే పాతదాని పక్కల చేర్పిద్దం."

అన్నీ ఆలోచించే వచ్చింది. సుధాకర్ లేచి కిటికీ దాకా పోయాడు, వచ్చాడు, మళ్లీ పోయాడు. బాలనర్సయ్య ఛాయ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆఫీసు ఊడ్చేదీ, ఛాయ్ పోసేదీ, పొద్దున షట్టరు తీసేదీ అతనే. "ఏంది సారూ, గంత పరేషాన్ అయితున్నరు?" అన్నాడు. సుధాకర్ ఛాతీ రుద్దుకుంటూ సోడాపొడి ఉందా అని అడిగాడు. బాలనర్సయ్య నీళ్లలో కలిపి ఇచ్చాడు. తేన్పు వచ్చింది, కొంచెం తేలికైనట్టే ఉంది.

పగలంతా ఆ పనే. ఆశ్రిత కొత్త భాగం రాస్తుంటే, పాత భాగం సుధాకర్ తన చేత్తోనే తీసేయాలి. అక్కడికి వచ్చి వేళ్లు ఆగిపోయాయి. పెద్దదేం కాదు, తెరలో సగం కూడా లేదు. పెళ్లయిన కొత్తలో, బిందు పుట్టింటికి పోయినప్పుడు, రాసినది. ఇన్నేళ్లుగా దాన్ని తలుచుకునే అతను నిద్రపోయేవాడు. తీసేయబోయి ఆగాడు, ఆగి మళ్లీ చదివాడు. మోకాలు ఊగే జోరుకు కీబోర్డు జరిగింది. ఆశ్రిత తన గ్లాసు తీసి కింద పెట్టుకుంది.

తీసేశాడు.

ఆ ఊపులోనే 'ఖాయమేనా' అని మూడుసార్లు అడిగే ప్రశ్నలు కూడా తీశాడు. అడగ్గా అడగ్గా జనం చదవడమే మానేశారు, చదవకుండానే ఔను ఔను అని కొట్టి పడేస్తున్నారు. వాటి బదులు 'పెట్టాను. వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు' అని ఒకే మాట రాశాడు. రాసి, తనే దాన్ని చాలాసేపు చూశాడు. ఎవరికైనా ఇంత మెత్తగా చెప్పొచ్చని అతనికి ఇన్నాళ్లూ తోచలేదు.

సాయంత్రం ధర్మేందర్ వచ్చి నిఖిల్ వెనకాల నిలబడ్డాడు. నిఖిల్ ఒక ఫైలు మార్చి 'పెట్టు' అని కొట్టి, అలవాటు ప్రకారం ఛాయ్‌కని కుర్చీ వెనక్కి జరిపాడు. జరిపిన కుర్చీలోనే ఉండిపోయాడు.

"అయిపోయింది!" అన్నాడు.

"ఏంది అయిపోయింది?"

"పెట్టుడు అయిపోయింది సార్!"

అందరూ గుమిగూడారు. ఒకరి తర్వాత ఒకరు వారం నుంచి దాచుకున్న పనులన్నీ తెచ్చి అప్పటికప్పుడు సందుగలో పెట్టేశారు. ధర్మేందర్ సుధాకర్ భుజం మీద చెయ్యేసి, "మస్తు చేసినవ్. ఉండనీ నీ సందుగ" అన్నాడు. సుధాకర్ ఆశ్రితను చూపించి, "గా పిల్ల పట్టింది సార్" అన్నాడు. ఎంత సంతోషంగా ఉందో అంత భయంగానూ ఉంది. చంకలో పిల్లను కిందికి దించి, పో ఆడుకో అన్నట్టుంది.

అందరూ పోయాక చివరి మనిషిగా షట్టరు దించాడు. ఇత్తడి తాళం. దాన్ని లాగడానికి చెయ్యి చాచేలోపే బిందు గుర్తొచ్చింది. టైము చూసుకుని, గబగబా మెట్లు దిగి స్కూటరెక్కేశాడు. లాగలేదన్న సంగతి కొంపల్లి దాటాక గానీ తట్టలేదు.

కండ్లకోయ దగ్గర స్కూటరు వేగం తగ్గింది. బండి తనంతట తానే రోడ్డు పక్కకు పోయింది, అంత అలవాటు దానికి. లోపల కంప్యూటర్లున్నాయి. సందుగ ఉంది. ఇవాళే దాని కాపలా తన చేత్తోనే తీశాడు. చెమట పట్టింది, ఎడమ భుజం గుంజింది. వెనక్కి చూశాడు. ముందుకు చూశాడు. "ఏసే ఉంట," అన్నాడు పైకే. ఇంజను ఆగకముందే ముందుకే పోనిచ్చాడు.

మేడ్చల్ టాకీసు ముందు బిందు టికెట్లు పట్టుకుని నిలబడి ఉంది. అతన్ని చూసి ముందు నమ్మలేదు, తర్వాత చిన్నపిల్లలా నవ్వింది. లోపలికి పోయి కూర్చునేసరికి ఇంకా లైట్లు కూడా ఆర్పలేదు. తర్వాత పేర్లు పడ్డాయి. సుధాకర్ ఒక్క పేరూ వదలకుండా చదివాడు, లైటు పట్టినవాళ్లవీ, మేకప్ వేసినవాళ్లవీ కూడా.

"గింతమంది ఉంటరా!" అన్నాడు ఆశ్చర్యంగా.

"మరి! ఎన్నడన్న చూస్తె గద!" అంది బిందు.

ఇంటర్వెల్‌లో అతను లేవలేదు. ఆమె సమోసాలు తెస్తే ఒకటి కొరికి పక్కన పెట్టాడు. లైట్లు ఆరుతుండగా ఆమె వైపు వంగి అడిగాడు.

"బిందూ, ఆఫీసు తాళం ఏసిన్నా నేను?"

"ఏసే ఉంటవ్ తియ్. సినిమా చూడు."

"అవు. ఏసే ఉంట."

ఆ తర్వాత ఒక పాటొచ్చింది, ఒక కొట్లాటొచ్చింది. ఎప్పుడూ వరస కుర్చీలన్నీ కదిలించే మోకాలు నెమ్మదిగా ఊగి ఊగి ఆగిపోయింది. బిందుకు తెలిసింది. ఓరగా చూస్తే తల కుర్చీకి ఆనించి ఉన్నాడు. ఈ మనిషి ఇంత నెమ్మదిగా పడుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. వారం నుంచి నిద్ర లేదు పాపం, పండుకోనీ అనుకుంది. జారిన కొంగును భుజం మీదికి లాక్కుని, చప్పుడు కాకుండా మిగతా సినిమా చూసింది. లైట్లు వెలిగాక భుజం తట్టి లేపబోయింది.

ఆసుపత్రిలో డాక్టరు ఎక్కువసేపు చూడలేదు.

తెల్లారి మేడ్చల్‌లో ఇంటి ముందు ఆఫీసువాళ్లంతా వచ్చి నిలబడ్డారు. ఆశ్రిత గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. బిందు మాత్రం ఏడవడం లేదు. చాప మీద కూర్చుని ఒక్కొక్కరి మొహం చూస్తూ పోయి, బాలనర్సయ్య దగ్గర ఆగింది.

"అన్నా, ఆఫీసు తాళం ఏసిన్నా అని అడిగిండు. గదే ఆఖరి మాట. నేను సూడకుంటనే ఏసినవ్ తియ్ అన్న," అంది. రెండు చేతులూ జోడించింది. "జర పోయి సూసి రాయే. నీ కాళ్లు మొక్కుత."

బాలనర్సయ్య అప్పటికప్పుడే బస్సెక్కాడు. పేట్ బషీరాబాద్‌లో దిగి, టైల్స్ దుకాణం పక్క మెట్లెక్కి, షట్టరు ముందు వంగి కూర్చున్నాడు. ఇన్నేళ్లూ రోజూ సుధాకర్ చేస్తుంటే చూసినట్టే తాళాన్ని పట్టుకుని ఒకసారి లాగాడు. రెండోసారి లాగాడు. మూడోసారి లాగి వదిలేశాడు.

"ఏసే పోయినవు సారూ," అన్నాడు.

పొద్దుటి ఎండకు కాస్త వెచ్చబడిన ఆ ఇత్తడి తాళం గట్టిగా పడి, షట్టరుకు వేలాడుతూ ఉంది.