రంగు నీ ఇష్టం

చిక్కుడుకాయలకు ఈనెలు తీయడంలో ఒక సుఖం ఉంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, మనసు ఎక్కడికైనా పోవచ్చు. ఆ ఆదివారం పొద్దున ఆమెకు ఆ సుఖమూ దక్కలేదు. భోజనాలబల్లకు ఒక చివర ఆమె, చిక్కుడుకాయల పళ్ళెం. రెండో చివర భర్త, మరిది, మామగారు, ఒక లాప్‌టాప్. మధ్యలో కాఫీ కప్పులు. పెట్టింది ఆమె, తీయవలసిందీ ఆమే. ముగ్గురు మగవాళ్ళూ కలిసి కారుకు ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ ఎంచుతున్నారు. కారు ఆమెది.

ఆమెదే. ఆమె జీతంతో, ఆమె పేరున కొన్నది. షోరూమ్‌లో భర్త ఆమె భుజం తట్టి, "ఇంజన్ సంగతీ గేర్ల సంగతీ నేను చూసుకుంటాలే. రంగు నీ ఇష్టం" అన్నాడు. ఎంత ఉదారంగా అన్నాడంటే, అక్కడున్న సేల్స్ కుర్రాడు మంచి మొగుడంటే ఇతనే అనుకుని ఉంటాడు. ఆమె వాన పడబోయే ముందు మబ్బుకుండే బూడిదరంగు ఎంచుకుంది. ఆ కారులో ఆమెకు మిగిలింది ఆ రంగొక్కటే. మిగతావన్నీ ఒక్కొక్కటే మారిపోయాయి. ప్రతిదీ "ఇదొక్కటే, ఇంకేం లేదు" అంటూనే వచ్చింది. మొదట సైలెన్సర్ మారింది. అది మార్చిన రోజు వీధి చివరి ఇంట్లో పడుకున్న పిల్లి లేచి వెళ్ళిపోయి, మళ్ళీ ఆ పేటకే రాలేదు. తర్వాత స్ప్రింగులు మారాయి. అప్పట్నించి రోడ్డు మీద అగ్గిపుల్ల మీంచి పోతే చాలు, అది గీసిందో గీయనిదో లోపల కూర్చున్నవాళ్ళకు తెలిసిపోయేది. ఆ తర్వాత టర్బో. చివరికి, పెట్రోలు కుండపోతగా చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు. కానీ ఇంజన్ కంప్యూటర్‌కు ఇంజెక్టర్లు మారిన సంగతి ఎవరూ చెప్పలేదు. అది పాత లెక్కనే పట్టుకుని పోస్తోంది. దాంతో కారు ప్రతి సిగ్నల్ దగ్గరా ఒకసారి దగ్గి, ఊపిరి వదిలేస్తోంది. ఆమె ఉద్యోగానికి బస్సులో వెళ్తోంది.

"సాఫ్ట్‌వేర్ పడితే సర్దుకుంటుంది" అన్నాడు భర్త. "రెడీమేడ్ మ్యాప్, అంటే పెట్రోలు లెక్కల పట్టిక, నింపిన డబ్బా ఒకటుంది. తగిలించడం, మీట నొక్కడం. పవర్ నంబరు చూశావంటే కళ్ళు తిరుగుతాయి."

"దానికి డబ్బు పోయడం దేనికిరా అన్నయ్యా? నెట్‌లో తాళం పగలగొట్టింది ఊరికే దొరుకుతుంటే" అన్నాడు మరిది.

"ఒరేయ్, సాఫ్ట్‌వేర్ ఏమిట్రా సాఫ్ట్‌వేర్" అన్నారు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మామగారు. "నేను కార్బురేటర్ స్క్రూ పావు చుట్టు తిప్పితే, కదలనని మొరాయించిన డిపో జీపు కొండెక్కి అవతలి పక్క దిగి, నన్నెక్కించుకోవడానికి వెనక్కొచ్చింది."

సోఫాలో కూర్చున్న అత్తగారు చెవి వెనకున్న మిషన్‌ను వేలితో తడిమి శబ్దం తగ్గించేసుకున్నారు. కార్బురేటర్ అన్న మాట రాగానే ఆవిడ చేసే పని అదే.

"సిగ్నల్ దగ్గర ఆగిపోకుండా చూసేది ఏది?" అని అడిగింది ఆమె.

బల్ల అవతలి నించి ఎవరూ తలెత్తలేదు. ఆమె మళ్ళీ అడిగింది. భర్త నవ్వాడు. "నంబరు గురించి మాట్లాడుతుంటే సిగ్నలంటావేమిటోయ్! నీకు కావలసింది స్టీరింగేగా. అలా చక్కగా తిప్పుకో."

ఆమె ఇంకో చిక్కుడుకాయ విరిచింది. ఊరందరి చెవులూ పరీక్ష చేసే మనిషి మాట ఇంట్లో ఒక్క చెవికీ ఎక్కదు. ఆమె ఉద్యోగం అదే, చెవుల పరీక్ష. చెవిమిషన్లకు లాప్‌టాప్ తగిలించి, ఎవరికి ఏ శబ్దం ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో సరిచేసి పంపుతుంది. మిషన్ పెట్టుకోబోయేవాళ్ళను ఆమె ఏనాడూ ఎంత గట్టిగా వినపడాలని అడగలేదు. రోజులో ఎక్కువసేపు ఎక్కడుంటారు, ఎవరితో మాట్లాడతారు అని అడుగుతుంది. వంటింట్లో ఉండే మనిషికి గిన్నెల మోత తగ్గించాలి. క్లాసులో పాఠం చెప్పే మనిషికి వెనకబెంచీ గుసగుస అందించాలి. మరి ఈ ముగ్గురూ ఎంచుతున్నది ఎవరి కోసం? ఆ పెద్ద నంబరు ఏడాదికి ఎన్ని క్షణాలు పనికొస్తుంది? మిగతా కాలమంతా ఇంజన్ చేసే పని సిగ్నల్ దగ్గర నిలబడి తిరగడం. ఏసీ నడపడం, బ్యాటరీ నింపడం, ఆయిల్ తిప్పడం. కదలడం లేదు కనక ఏమీ చేయడం లేదనుకుంటారు. ఆగిపోయినప్పుడే అదొక పని చేస్తోందని తెలుస్తుంది, అప్పుడు కూడా తిట్టడానికే. "రోజంతా ఇంట్లోనే ఉన్నావుగా, ఏం చేశావ్?" అని సెలవు రోజున భర్త అడిగే ప్రశ్న గుర్తొచ్చి ఆమెకు నవ్వొచ్చింది. ఇంజన్ మీద ఇంత జాలి పుడుతుందని ఆమె అనుకోలేదు.

మర్నాడు అత్తగారి చెవిమిషన్ సరిచేయాలి. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన డబ్బాతో భర్త ఆ రెడీమేడ్ మ్యాప్ ఎక్కించి, "కూర్చోండి, విమానం ఎక్కిస్తా" అంటూ అత్తాకోడళ్ళను బయల్దేరదీశాడు. ఖాళీ రోడ్డు రాగానే తొక్కాడు. కారు ముందుకు దూకింది. వెనకసీట్లో అత్తగారి కళ్ళజోడు ముక్కు మీద నించి నుదుటి మీదికి ఎక్కింది. ఆ గర్జన అడుగున ఎక్కడో, రేకు డబ్బాలో గోళీలు ఆడించినట్టు సన్నటి చప్పుడు.

"ఏమండీ, తీయండి కాలు! లోపల కొట్టుకుంటోంది."

"ఏం కొట్టుకుంటోంది? నాకేం వినపడలేదే."

"నాకు వినపడిందిరా" అన్నారు అత్తగారు. "నా మందుల సీసా అనుకున్నా."

"అమ్మా, నీకు మిషన్ ఉంటే గాని మేఘం ఉరిమినా వినపడదు. నావి పాముచెవులు."

పాముచెవులాయన మళ్ళీ తొక్కాడు, మళ్ళీ గోళీలు. పెట్రోలు పేలాల్సిన క్షణం కన్నా ముందే పేలి, పిస్టన్ నెత్తిన సుత్తితో కొట్టినట్టు కొట్టే చప్పుడది. నాకింగ్ అంటారు. ఇలా నాలుగు రోజులు తొక్కితే ఇంజన్ ముక్కలవుతుంది. అప్పుడామెకు నిజంగానే రంగొక్కటే మిగులుతుంది. ఇంతలో సిగ్నల్ వచ్చింది. కారు దగ్గి, ఆగిపోయింది. వెనక హారన్లు. పెద్ద నంబరు ఉన్న కారును వాళ్ళాయన చెమటలు కక్కుతూ మూడుసార్లు స్టార్ట్ చేశాడు.

ఆమె పనిచేసే క్లినిక్‌లో అడుగుపెట్టగానే బెంచీ మీదున్న పెద్దమనిషి లేచి, గ్రీజు మరకల చొక్కాలో ఉన్న భర్తకు చేతులు జోడించాడు. "నమస్కారం డాక్టరు గారూ!" పక్కనే ఆమె, మెళ్ళో గుర్తింపు కార్డుతో. కాదని చెప్పడానికి భర్తకు కాస్త టైము పట్టింది. ఆ కాస్త టైములోనే ఆమెకు ఒక ఆలోచన వచ్చింది.

అత్తగారి మిషన్ పని కాగానే, "ఎలాగూ వచ్చారుగా, కూర్చోండి" అంది భర్తతో.

"నాకెందుకోయ్?"

"పాముచెవులు ఎలా ఉంటాయో నేనెప్పుడూ చూడలేదు."

శబ్దం చొరబడని గాజుగదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ తగిలించింది. వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంది. లావు స్వరాలకు ఠంచనుగా నొక్కాడు, మీసం మెలేస్తూ. స్వరం సన్నబడేకొద్దీ బటన్ మౌనం పట్టింది. ఆమె శబ్దం పెంచింది. ఇంకా పెంచింది. ఆయన గాజులోంచి చూస్తూ, "మొదలెట్టవేం?" అని సైగ చేశాడు. పక్కన నిలబడిన అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

బయటికొచ్చాక తెర మీద ఆయన వినికిడి గీత చూపించింది. చదునుగా పోతున్న గీత ఒకచోట గుంతలో పడింది.

"ఇది ఆ సైలెన్సర్ తవ్విన గుంత. ఇంకా గొయ్యి కాలేదు, మోత తగ్గిస్తే పెరగదు. ఇంజన్ గోళీల చప్పుడు ఉండేది సరిగ్గా ఇక్కడే. అందుకే మీకు వినపడలేదు."

ఆయన గీత వంక చూశాడు, తల్లి వంక చూశాడు. "అయితే నువ్వు చెప్పింది..."

"నిజమే. నిన్న బల్ల దగ్గర రెండుసార్లు అడిగింది కూడా నిజమే. అది వినపడకపోవడం మాత్రం ఈ గుంత వల్ల కాదు."

అత్తగారు మిషన్ శబ్దం పెంచుకుని, "ఇంకోసారి చెప్పమ్మా" అన్నారు.

తిరుగు ప్రయాణంలో ఆమె నడిపింది. ఎక్కడా గట్టిగా తొక్కలేదు. సిగ్నల్ దగ్గర కాలి మునివేళ్ళతో కాస్త పెట్రోలు అందిస్తూ, నిద్రలో ఉలిక్కిపడే పసిపిల్లను జోకొట్టినట్టు ఇంజన్‌ను నిలబెట్టుకుంది. ఒక్క హారన్ మోగలేదు.

సాయంత్రం మళ్ళీ సభ. ఈసారి లాప్‌టాప్ ఉన్న వైపు ఆమె కూర్చుంది. బల్ల మీద ఖాళీ చోటు ఇంకెక్కడా లేక, బఠాణీకాయల పళ్ళెం వెళ్ళి భర్త ముందు ఆగింది. ఆయన కాసేపు దానివంక చూసి, వలవడం మొదలుపెట్టాడు.

"అరువు డబ్బా వెనక్కిచ్చేయండి. తాళం పగలగొట్టింది వద్దు, అందులో ఇంకెవడు ఏం దూర్చాడో తెలీదు" అంది ఆమె. "ఇదిగో, ఈ సాఫ్ట్‌వేర్ తీసుకుంటున్నాను. ఇంజన్‌కు కూడా ఒంటికి అంటించిన చెవి ఒకటుంటుంది, నాక్ సెన్సర్ అని. అది ఏం వింటోందో ఇందులో గీతల్లో కనపడుతుంది. కొత్త ఇంజెక్టర్ల కొలత చెప్పొచ్చు, సిగ్నల్ దగ్గర నిలకడ సరిచేయొచ్చు. పాతది చెరపకుండా దాచి, కొంచెం కొంచెంగా మార్చొచ్చు. నేను నడిపి రికార్డు చేసి పంపితే, ట్యూనింగ్ తెలిసినతను చూసి సవరణ చెప్తాడు. ఈ గీతలు చదవడం నాకు కొత్తకాదు."

"వదినా, మరి నంబరెంతొస్తుంది?" అన్నాడు మరిది.

"ఇంజన్ మిగిలేంత."

మామగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మాయ్, నేను డిపోలో ఉన్నప్పుడు కార్బురేటర్..." అత్తగారి వేలు చెవి వెనక్కి వెళ్ళింది.

భర్త వేళ్ళ మధ్య నించి ఒక బఠాణీ గింజ జారి బల్లంతా దొర్లింది. దాన్ని చూపుతోనే వెంబడించి, మెల్లగా అడిగాడు. "అన్నీ నువ్వే చూసుకుంటే, మరి నేనేం చూడాలి?"

ఆమె లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. తెర మీద డయళ్ళకు వేసుకునే రంగులు వరసగా ఉన్నాయి, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఏది కావాలంటే అది. కారు తాళంచెవి తన సంచిలో వేసుకుంటూ, ఆయన భుజం తట్టింది.

"ఇంజన్ సంగతి నేను చూసుకుంటాలెండి. రంగు మీ ఇష్టం."